మీసం తిన్న పిస్తోలు

మర్రిగూడ దాటి దేవరకొండ దారిలో కొంత దూరం పోతే ఎర్రబండ అనే ఊరు వస్తుంది. ఆ ఊరి కురుమవాడలో ఐలేశం అనే మనిషి ఉండేవాడు. గొర్లు కాసేవాడు, ఉన్ని కత్తిరించేవాడు, భార్య గుర్వమ్మ వడికిన నూలుతో గొంగళ్లు నేసేవాడు. ఇదంతా వాడలో అందరూ చేసేదే. అందరూ చేయనిది ఒకటి చేశాడు. నిజాం సర్కారు నడుస్తున్న రోజుల్లో, పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుండు కూడా పేల్చని ఈ పెద్దమనిషి, చుట్టూ తిరిగే ఇంగ్లీషు పిస్తోళ్లు నాలుగు పోగేశాడు. ఎందుకయ్యా పోగేశావు అని అడిగితే బుద్ధిలేక అని తనే చెప్పేవాడు. ఆ మాట మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు. తుపాకులున్నవాడు తనను తాను తక్కువ చేసుకుంటే అది వినయం కిందికి వస్తుంది.

అసలు సంగతి ఇలా మొదలైంది. చలికాలం ముందు ఐలేశం గొంగళ్ల మూట బండిలో వేసుకుని చౌటుప్పల్ మీదుగా పట్నం పోయేవాడు. అక్కడ బేస్తవారం నాడు పాత సామాన్ల అంగడి జరుగుతుంది. విరిగిన గడియారాలు, తుప్పు పట్టిన తాళాలు, ఎవరో నవాబు ఇంటి నుంచి వచ్చిన మూత లేని అత్తరు సీసాలు, అన్నీ నేలమీద పరిచి అమ్ముతారు. ఆ అంగట్లో దస్తగీర్ సాబు అనే ముసలాయన కూర్చునేవాడు. వయసులో ఉన్నప్పుడు పటాలంలో తుపాకులు బాగుచేసినవాడు. ఆ ఏడు ఆయనకు చలి ఎక్కువై గొంగడి కావలసి వచ్చింది, బదులుగా ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ముందున్న సామాన్లలోంచి ఏదైనా తీసుకొమ్మన్నాడు. ఐలేశం ఒక ఇత్తడి చెంబు తీసుకుని లేవాల్సింది. చెంబు తీసుకుని ఉంటే ఈ కథ లేదు.

చెంబు పక్కన ఒక ఇనుప వస్తువు కనబడింది. ఆరు పొట్టి గొట్టాలు కట్టగా కట్టి, వెనక ఒక పిడి పెట్టినట్టు ఉంది. చేతిలోకి తీసుకుని కింది మీట నొక్కాడు. గొట్టాల కట్ట మొత్తం ఒక్క మెట్టు తిరిగింది, పైనున్న సుత్తి లేచి టక్కున పడింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ తిరిగింది. చిన్నప్పటి నుంచి కదురు తిరగడం చూస్తూ పెరిగినవాడు. కానీ కదురును మనిషి తిప్పితే తిరుగుతుంది, అది తిరుగుతూనే ఉంటుంది. ఇది ఎంత తిరగాలో దానికే తెలిసినట్టు అంతే తిరిగి ఆగిపోతోంది. దస్తగీర్ సాబు చెప్పిందేమంటే, ఇవి గదర్ కాలం, అంటే సిపాయిల తిరుగుబాటు కాలం నాటి ఇంగ్లీషు దొరల పిస్తోళ్లు, వీటికి తూటాలు ఉండవు, మందు వేరే, గుండు వేరే, వెనక పెట్టే రాగి టోపీ వేరే, ఇప్పుడు వీటిని అడిగేవాడు లేడు. అడిగేవాడు లేడంటే ఐలేశానికి ఇంకా ముద్దొచ్చింది. మంచి నల్ల గొంగడి ఇచ్చి దాన్ని ఇంటికి తెచ్చాడు.

గుర్వమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గొంగడిచ్చి గీ ఇనుప ముక్క తెచ్చినవా? గిది కారమన్న దంచుతదా?"

"తిరుగుతది సూడే," అన్నాడు ఐలేశం.

"నువ్వు గూడ తిరుగుతనే ఉంటవు. నిన్నెవడన్న కొన్నడా?"

ఐలేశం మీట ఇంకోసారి నొక్కి చూపించాడు. అంతకన్నా మంచి జవాబు ఆ తర్వాత పదిహేనేళ్లలో కూడా దొరకలేదు.

మరుసటి ఏడు ఇంకొకటి తెచ్చాడు, ఆపై ఏడు ఇంకొకటి. ఆయనకు ఒక నియమం ఉండేది: తిరిగేదైతేనే తీసుకోవాలి. దస్తగీర్ సాబు ఒకసారి చక్కగా పనిచేసే ఒంటి గొట్టం తుపాకి చూపించి, దీంతో కుందేలును కొట్టొచ్చు అని చెప్తే, తిరగదు గదా అని పక్కన పెట్టాడు. కుందేలు కూర తినే యోగాన్ని అలా తన చేతులతోనే కాలదన్నుకున్నాడు. మందలో గొర్రెకు మచ్చను బట్టి పేరు పెట్టినట్టు వీటికీ పేర్లు పెట్టాడు. మొదటిది ఆర్నోటిది. రెండోదానికి సుత్తి మీద వేలు పెట్టే కొన లేదు కనుక అది మొండిముక్కుది. మూడోది సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా ఉంటే సంకరజాతిది అన్నాడు. నాలుగోది అన్నిటికన్నా అందగత్తె. ఐదు గదుల చక్రం, ఒక్కటే గొట్టం, పిడి దగ్గర ఒకదాని కింద ఒకటి రెండు మీటలు. కింది మీట నొక్కితే చక్రం తిరిగి సుత్తి లేచి నిలబడుతుంది. పై మీట నొక్కితే సుత్తి పడుతుంది. దీన్ని జోడుమీటలది అన్నాడు. దీనికోసం గొంగడి చాలక ఒక సూడి గొర్రెను కూడా ఇచ్చుకున్నాడు. ఆ గొర్రె విషయం గుర్వమ్మ ఆయనకు ప్రతి పండుగకూ గుర్తు చేసేది.

వాటిని ఉతకని ఉన్ని మూటల్లో దాచేవాడు. ఉన్నిలో జిడ్డు ఉంటుంది కదా, తుప్పు దగ్గరికి రాదు. మధ్యాహ్నం మగ్గం ఆపి ఒక్కొక్కటే తీసి, ఉన్నితో తుడిచి, మీట నొక్కి, తిరగడం చూసి, మళ్లీ పడుకోబెట్టేవాడు. పేల్చాలన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ రాలేదు. చప్పుడంటే భయం. ఉరుము ఉరిమితే గొర్ల కంటే ముందు గొంగడి కిందికి దూరేది ఐలేశమే. పిడుగును పక్కలో పెట్టుకుని పడుకునే పిరికివాణ్ణి నేనొక్కణ్ణే అని తనలో తనే నవ్వుకునేవాడు.

ఆ రోజుల్లో ఊరు పటేలుది. దసరాకు పటేలు ఇంటికి కురుమవాడ నుంచి పొట్టేళ్లు, చలికాలంలో గొంగళ్లు వెట్టి కింద పోవాలి. డబ్బు మాట ఎత్తేవాడు లేడు. పటేలు జీతగాడు కాటమయ్య తాడు భుజాన వేసుకుని వచ్చి, మందలో మంచిదాన్ని ఏరి, మెడకు తాడు వేసి తీసుకుపోయేవాడు. గుర్వమ్మ ముద్దుగా పెంచిన బొల్లి పొట్టేలును కూడా ఒక ఏడు అలాగే తోలుకుపోయాడు. ఆ రోజు ఆమె వంట చేయలేదు. ఐలేశం మగ్గం దగ్గరికి పోయి కూర్చుని, నేయకుండా ఊరికే పోగులు సవరించాడు. తన మీద తనకు అంత అసహ్యం మరెప్పుడూ కలగలేదని తర్వాత చెప్పుకున్నాడు.

అలాంటి ఒక దసరా ముందు ఐలేశం వాకిట్లో కూర్చుని ఆర్నోటిదాన్ని తుడుస్తున్నాడు. వెనక అడుగుల చప్పుడైంది. ఎవరా అని తిరిగి చూశాడు, చేతిలోది కూడా ఆయనతో పాటే తిరిగింది. కాటమయ్య తాడుతో నిలబడి ఉన్నాడు. ఆరు నల్లటి బొక్కలు కాటమయ్య పొట్టకేసి చూస్తున్నాయి. ఐలేశం మర్యాదకు పోయి, "దా కాటమయ్యా, కూసో," అన్నాడు.

కాటమయ్య కూర్చోలేదు. వచ్చిన దారినే, వచ్చినదానికంటే తొందరగా వెళ్లిపోయాడు. చేతిలో ఏముందో ఐలేశానికి అప్పుడు గానీ గుర్తు రాలేదు. పొరపాటైందని చెబుదామని వెంట లేచాడు కూడా. గుర్వమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టింది.

సాయంత్రానికి కురుమోళ్ల ఐలేశం ఇంట్లో మూటలకొద్దీ తుపాకులున్నాయని ఊరంతా తెలిసింది. చెప్పింది కాటమయ్యే. భయపడి పారిపోయి వచ్చినవాడు ఒక్క తుపాకికి భయపడ్డానని ఎలా చెప్పుకుంటాడు? ఆ దసరాకు కురుమవాడలో ఎవరి మందకూ తాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పటేలు సర్కారుకు చెప్పి పట్టించవచ్చు. కానీ పోలీసు అమీను ఊళ్లోకి వస్తే తుపాకుల గురించి ఒక్కటే అడిగి ఊరుకోడు, వెట్టి సంగతీ అడుగుతాడు, పటేలు పంచల కింద ఉన్నవన్నీ అడుగుతాడు. అందుకని ఆయన మెదలకుండా ఊరుకున్నాడు. వాడలో ఐలేశానికి గౌరవం పెరిగింది. మీసం కూడా పెరిగింది. రెండు కొసలూ పైకి మెలేసి, పొద్దున చింతగింజల గంజి కాస్త రాసుకునేవాడు. గొంగళ్లు బిర్రుగా ఉండటానికి పట్టించే గంజే అది. మీసం కూడా అంతే బిర్రుగా నిలబడేది.

యుద్ధం వచ్చింది. ఎక్కడో జర్మనీ వాడితో యుద్ధం, ఎర్రబండలో కిరసనాయిలు కరువు. దాంతో పాటు పటేలు జంట గొట్టాల తుపాకికి తూటాలు కూడా కరువయ్యాయి. ఎర్రబండలో ఫాల్గుణంలో కురుమల దేవుడు బీరప్పకు పండుగ చేస్తారు. అక్కడి ఆనవాయితీ ఏమంటే, గావుకు, అంటే బలికి, గొర్రెను తెచ్చేముందు తుపాకి పేలాలి. పేలితేనే దేవుడు గద్దె మీది నుంచి కదులుతాడని నమ్మకం. ఎప్పుడూ పటేలే పేల్చేవాడు. ఆ ఏడు పటేలు పండుగ మాట మాట్లాడటానికి కురుమ పెద్దలను పిలిపించి, అందరి ముందు ఐలేశం వైపు తిరిగాడు.

"యుద్ధంల తూటాలు దొరుకుతలెవ్వు. నీ దగ్గర శానున్నయంట గద ఐలేశం. తూటాలు లేకున్నా పేల్తయంట. గీసారి దేవునికి నువ్వే పేల్చు. అందరం సూస్తం."

ఐలేశం దండం పెట్టి లేచాడు. బయటికొచ్చాక కురుమ పెద్ద మల్లప్ప ఆయన భుజం మీద చెయ్యేసి నడిచాడు. మల్లప్ప వరసకు మామ అవుతాడు, మాట తక్కువ మనిషి.

"పటేలుది భక్తి కాదు బిడ్డా. నీ తుపాకి పేల్తదో లేదో సూడాలని ఉంది. పేలకపోతె తెల్లారి కాటమయ్య తాడు తీస్కొని వస్తడు. నీ ఒక్కనింటికె కాదు, వాడంతటికి."

ఐలేశం ఇంటికొచ్చి గుర్వమ్మకు అసలు నిజం చెప్పాడు. తాను ఎన్నడూ ఒక్కటీ పేల్చలేదని, పేల్చడం రాదని, చప్పుడంటే భయమని చెప్పాడు. ఇంత పెద్ద రహస్యం బయటపెడుతున్నానని ముందే తలుపు కూడా వేశాడు. గుర్వమ్మ కదురు ఆపకుండానే, పేల్చి ఉంటే ఒకే ఇంట్లో ఉన్నదానికి తనకు వినపడకపోయేదా అంది. ఊరుకు తెలియకుండా దాచిన రహస్యం ఇంట్లో మాత్రం మొదటి రోజు నుంచీ తెలిసిందేనన్నమాట. పట్నం పోయి నేర్చుకుని రమ్మని సద్ది కట్టి పంపింది.

దస్తగీర్ సాబుకు అప్పటికి చూపు మందగించింది. అయినా జోడుమీటలదాన్ని చేతిలో పెట్టగానే వేళ్లతో తడిమి నవ్వాడు. చప్పుడు మాత్రమే కావాలంటే గుండ్లు అక్కర్లేదని, మందు సగం పోసి పైన ఉన్ని కుక్కమని, వెనక రాగి టోపీలు తొడగమని చూపించాడు. ఒక చిన్న రేకు డబ్బాలో టోపీలు ఇచ్చాడు. చివర చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"సబ్ మర్చిపో, గాని చర్బీ మర్చిపోకు బేటా. ఐదు నోళ్లకు గొర్రె కొవ్వు దట్టంగ పుయ్యాలె. లేకుంటె ఒకదాని నిప్పు పక్కదానికి అంటుతది. ఐదుకైదు ఒక్కసారె లేస్తయ్."

గొర్రె కొవ్వుకు కురుమల ఇంట్లో కొదవా అనుకుని ఐలేశం ధైర్యంగా తిరిగొచ్చాడు. బావులు తవ్వే వడ్డెరవాళ్ల దగ్గర రాళ్లు పేల్చే మందు తెచ్చుకున్నాడు.

తీరా పండుగ దగ్గరపడ్డాక చిక్కు వచ్చింది. బీరప్పకు పట్నం అనే పెద్ద ముగ్గు పరిచిన పొద్దు నుంచి గావు అయ్యేదాకా కురుమల ఇంట్లో నీసు ముట్టరాదు. మాంసం కాదు కదా, కొవ్వు మరక ఉన్న కుండ కూడా బయట పెట్టాలి. దేవుడి ముందు తుపాకి పేల్చేవాడికైతే ఆ నిష్ఠ ఇంకా గట్టిది. కొవ్వు రాసిన పిస్తోలు దేవుడి గద్దె ముందుకు ఎలా తెస్తాడు? నెయ్యి రాద్దామనుకున్నాడు. ఆ ఎండకు నెయ్యి కరిగి మందులోకి దిగితే టోపీ కాలినా మందు కాలదు. నూనె సంగతీ అంతే. భార్యాభర్తలు పిస్తోలును మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు.

"బండారు పెట్టు," అంది గుర్వమ్మ చివరికి. "దేవునిదే గద. దేవుని సంగతి దేవుడే సూసుకుంటడు."

బండారు అంటే బీరప్పకు చల్లే పసుపు. తప్పు పట్టలేని మాట. ఐలేశం స్నానం చేసి, తడి పంచెతో కూర్చుని, ఐదు గదుల్లో మందు పోశాడు. సగం పోయమన్నాడు దస్తగీర్ సాబు. సగానికి పేలకపోతే వాడంతా మునుగుతుందని ఐలేశం దాదాపు నిండా పోశాడు. పైన శుభ్రంగా ఉతికి ఆరబెట్టిన ఉన్ని కొద్దిగా కుక్కాడు. ఆ పైన కొవ్వు ఉండాల్సిన చోట బండారు కూరి, వేలితో నొక్కి, వెనక టోపీలు తొడిగి, దండం పెట్టుకున్నాడు.

గద్దె ముందు జనం నిండిపోయారు. బీరప్ప కథ చెప్పే ఒగ్గువాళ్ల డోళ్లు ఆగాయి. పటేలు కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన కాటమయ్య. వాడి భుజం మీద తాడు ఉండటం ఐలేశం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. మీసం ఒకసారి దువ్వుకుని, జోడుమీటలదాన్ని పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు.

చక్రం తిరిగింది. సుత్తి లేచి నిలబడింది. ఇంకేమీ కాలేదు.

జనంలో ఎవరో దగ్గారు. ఐలేశం ఒక కన్ను తెరిచి చూశాడు. పటేలు పెదవుల మీద నవ్వు మొదలైంది, కాటమయ్య తాడు సర్దుకుంటున్నాడు. ఇన్నేళ్లుగా రోజూ తిప్పి చూసుకున్న ఐలేశానికి ఆ క్షణంలో రెండో మీట ఉందన్న సంగతే తట్టలేదు. పిస్తోలును కిందికీ మీదికీ చూస్తూ, పారిపోదామా అని కూడా అనుకుంటూ, వేళ్లతో పిడి అంతా తడుముతుంటే ఏదో ఒక వేలు పై మీటకు తగిలింది.

ఐదూ ఒక్కసారి లేచాయి. ఆ చప్పుడు ఎర్రబండలో అంతకుముందు ఎవరూ వినలేదు. చక్రం నాలుగు పక్కలా నిప్పు వచ్చింది, వెంటనే ఆ నిప్పు మీద ఇంత పెద్ద పసుపు మేఘం లేచింది. ఐదు నోళ్లలో కూరిన బండారంతా గద్దె మీద, దేవుడి మీద, జనం మీద, పటేలు తలపాగా మీద కురిసింది. మందలు బెదిరి గుట్ట ఎక్కాయి. దేవుడి మాట పలికే గణాచారికి పూనకం వచ్చింది. ఒగ్గువాళ్లు డోళ్లు వాయించడం మొదలుపెట్టారు. కాలిన ఉన్ని పోగులు గాలిలో తేలుతూ నెమ్మదిగా దిగాయి.

పసుపు మేఘం తేలిపోయాక చూస్తే ఐలేశం నిలబడే ఉన్నాడు. ముఖం సగం పసుపు, సగం నలుపు. కుడి వైపు మీసం లేదు. కనుబొమలు లేవు. బొటనవేలి మొదట్లో చర్మం కాలి లేచింది. కుడి చెవిలో తేనెటీగలు దూరినట్టుంది. అంతా అయిపోయిందని, తప్పు జరిగిందని, ఇక తనను కొడతారని అనుకున్నాడు. జనం వచ్చి ఆయన కాళ్లకు మొక్కుతున్నారు. పటేలు కుర్చీలోంచి లేచి, తలపాగా దులుపుకుంటూ ఇంటికి పోయాడు. తాడు కాటమయ్య పరుగెత్తిన దారిలో పడి ఉంది. దేవుడి బండారు ఐదు గుండ్లయి పేలిందని అందరూ అన్నారు. కొవ్వు రాయనందుకు ఐదూ అంటుకున్నాయని ఐలేశానికీ గుర్వమ్మకూ మాత్రమే తెలుసు.

మంగలి వచ్చి రెండో వైపు మీసం కూడా తీసేశాడు. ఒంటి మీసంతో మనిషి ఎలా తిరుగుతాడు? మీసం లేని కురుమను చూసి ఎవరు పోయారని పక్క ఊరి వాళ్లు అడిగితే, "మీసమే పోయింది, దానికే కర్మ చేస్తున్న," అని చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. కాలిన బొటనవేలితో నెల దాటేదాకా మగ్గం మీద కూర్చోలేకపోయాడు. వేలు పోయి ఉంటే ఇంటిల్లిపాదీ ఏం తినాలి అన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ నవ్వు ఆగిపోయేది.

మరుసటి ఏడు పండుగకు మళ్లీ పేల్చాలి. ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నాడు. ముందుగా, నిష్ఠ రోజులు రాకముందే, గుర్వమ్మను వెంటబెట్టుకుని మంద మేసే గుట్టకు పోయాడు. దస్తగీర్ సాబు చెప్పినట్టు మందు సగం పోసి, ఉన్ని కుక్కి, ఐదు నోళ్లకూ దట్టంగా గొర్రె కొవ్వు పూశాడు. కింది మీట, ఆ తర్వాత పై మీట. ఒక్కటే పేలింది. చిటపట మంట లేదు, చెయ్యి కాలలేదు. చాలా చక్కగా, చాలా పద్ధతిగా, తడి గొంగడిని బండకేసి కొట్టినంత చప్పుడు వచ్చింది. ఐలేశం ఆనందంగా భార్య వైపు చూశాడు. ఆమె మంద వైపు చూస్తోంది.

"గీ సప్పుడుకు మన గొర్రె గూడ తల ఎత్తలే," అంది. "పటేలు భయపడ్తడా?"

ఐలేశం ఆ బండమీదే కూర్చున్నాడు. సరిగ్గా చేస్తే ఎవరికీ వినపడదు, మనిషి బతుకుతాడు, మంద పోతుంది. తప్పు చేస్తే మంద ఉంటుంది, మీసం పోతుంది, వేలుంటుందో లేదో తెలియదు. పదేళ్లు పిస్తోళ్లు ఏరుకున్నవాడికి దేవుడు ఏరి ఇచ్చిన బహుమానం ఇది. గుర్వమ్మ పక్కన కూర్చుని ఆయన బొటనవేలి మచ్చను నిమిరింది. కొవ్వే పూయమని, పోతే గొర్లే పోతాయని అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు మందలో బొల్లి పిల్ల మీద ఉన్నాయి. ఐలేశం చూశాడు. పెళ్లాం మీద ఆయనకు ఉన్న ప్రేమంతా ఆ పూట అక్కడే పొంగింది.

పండుగ నాడు మళ్లీ బండారే కూరాడు, మందు మాత్రం కాస్త తగ్గించాడు. చేతికి తడిపిన గొంగడి ముక్క చుట్టుకున్నాడు. మంగలిని ముందు రోజే పిలిచి మీసం తనే తీయించుకున్నాడు, పిస్తోలుకు ఆ శ్రమ ఎందుకని. మళ్లీ ఐదూ లేచాయి, మళ్లీ పసుపు మేఘం, మళ్లీ మొక్కులు. ఆపై ఏడూ అంతే. జనం ఆయన్ను వీరుడు అన్నారు. పండుగకు ముందు వారం నుంచి ఆ వీరుడికి అన్నం సహించేది కాదు, వేప చెట్టు మీది నుంచి కాకి ఎగిరినా ఉలిక్కిపడేవాడు. మూడో పండుగతో కుడి చెవి పూర్తిగా మూసుకుపోయింది. గుర్వమ్మ తిట్టేటప్పుడు ఆ చెవి తిప్పుతున్నానని, దాని లాభం దానికుందని అనేవాడు. నిజానికి తిట్లు వినపడని పూట ఆయనకే దిగులుగా ఉండేది.

ఆ తర్వాత రోజులు చెడ్డవి వచ్చాయి. ఊళ్లు కాలాయి, పటేలు పట్నం పారిపోయాడు, పండుగ ఆగింది. ఉన్ని మూటల్లో పిస్తోళ్లు కదలకుండా పడుకున్నాయి. యూనియన్ సైన్యం వచ్చి నిజాం సర్కారు పోయాక, పటేలు తిరిగొచ్చాడు. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉన్నా నల్గొండకు తెచ్చి అప్పగించాలని ఊరూరా డప్పు కొట్టించారు.

ఐలేశం నాలుగింటినీ ఉన్నితో తుడిచి, ఒక్కొక్కదాన్నీ చివరిసారి తిప్పి చూసుకుని, గొంగట్లో చుట్టుకుని నల్గొండ పోయాడు. కచేరీ ముందు వరస ఉంది. కత్తులు, ఈటెలు, నాటు తుపాకులు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. ఐలేశం వెనక వచ్చి నిలబడింది పటేలు. చేతిలో జంట గొట్టాల తుపాకి, పక్కన జీతగాడు లేడు. తన తుపాకి తనే మోసుకొచ్చాడు. వరస కాస్త కదిలాక పటేలు ఐలేశం ఎడమ వైపుకు జరిగి, నెమ్మదిగా అడిగాడు.

"గయి ఐదు ఒక్కపారి ఎట్ల పేల్చేటోనివి ఐలేశం?"

అబద్ధం చెప్పొచ్చు. దేవుడి మహిమ అనొచ్చు. నిజం చెబితే రేపు తాడు మళ్లీ వస్తుందేమో తెలియదు. కానీ ఇన్నేళ్లు మోసిన బరువు, మోయమన్నవాడే వచ్చి విప్పమంటున్నాడు. ఐలేశానికి ఇక ఓపిక లేకపోయింది.

"కొవ్వు రాయలే పటేలా. రాస్తె ఒక్కటే పేల్తది. గది గూడ సన్నగ."

"గంతేనా?"

"గంతే."

పటేలు తన తుపాకి వైపు చూసుకున్నాడు. ఎన్ని దసరాల పొట్టేళ్లు లెక్కకు వచ్చాయో ఏమో, దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

బల్ల దగ్గర కూర్చున్న అధికారి కుర్రవాడు. నాలుగు పిస్తోళ్లనూ చూసి నవ్వి, పక్కవాళ్లను కూడా పిలిచి చూపించాడు. ఇవి పేలుతాయా అని అడిగించాడు. తప్పుగా పేలిస్తే బాగా పేలుతాయని ఐలేశం చెప్పాడు. అది కూడా వాళ్లకు నవ్వొచ్చింది. తీసుకుపోయి ఈటెల కుప్ప మీద పడేశారు. జోడుమీటలది పక్కకు దొర్లి పడింది, చక్రం తనంతట తనే ఒక్క మెట్టు తిరిగి ఆగింది. ఐలేశానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎన్ని మీసాలు తిన్నదైనా అందగత్తె అందగత్తే. అయినా ఇంటికి నడుస్తుంటే భుజాలు తేలికగా ఉన్నాయి, దారిలో ఎవరో చెట్టు కొడుతున్న చప్పుడైతే ఉలిక్కిపడలేదు కూడా.

ఆ వారం మంగలి వస్తే మీసం మీద కత్తి పెట్టొద్దన్నాడు. నెల తిరిగేసరికి మీసం నిండుగా వచ్చింది, పూర్తిగా తెల్లగా. ఆయనకు జ్ఞాపకం ఉన్నది నల్లది. గుర్వమ్మ పళ్లెంలో నీళ్లు పోసి ముందు పెడితే, అందులో చూసుకుని, ఈ ముసలాయన ఎవరని అడిగాడు. ఆమె గంజి తెచ్చి కొసలు మెలేసి పెట్టింది.

చలి మొదలైన ఒక పొద్దున ఐలేశం వాకిట్లో ఉన్ని ఏకుతూ కూర్చున్నాడు. కుడి వైపు నుంచి ఎవరో వస్తున్నా, ఆ చెవి వినపడదు కనుక ఎదురుగా నీడ పడేదాకా తెలియలేదు. తలెత్తితే కాటమయ్య. ఐలేశం చేతులు ఉన్నిలోనే ఆగిపోయాయి. చేతిలో ఉన్ని తప్ప ఇంకేమీ లేదు. పటేలుకు నిజం చెప్పి ఎంత తెలివితక్కువ పని చేశానో అనుకున్నాడు. లోపల కదురు చప్పుడు ఆగింది, గుర్వమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. కాటమయ్య కూడా ముసలివాడయ్యాడు. భుజం మీద తాడు లేదు.

"గొంగడి కావాలె ఐలేశం," అన్నాడు. "ఏం ధర పెడ్తవ్?"

"పటేలుకా?"

"నాకే. సలి పెడ్తాంది."

పటేలు ఇంటి వైపు నుంచి వచ్చినవాడెవడూ ధర అన్న మాట అంతవరకు అడగలేదు. ఎంత చెప్పాలో ఐలేశానికి నిజంగానే తెలియలేదు. కాస్త ఉన్ని పక్కకు జరిపి, ఖాళీ చేసిన చోట అరచేత్తో తట్టాడు.

"దా కాటమయ్యా, కూసో."

కాటమయ్య కూర్చున్నాడు.